పాత బండిలో అరిగినవేవి, మరిచినవేవి?

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు కిక్కు కొట్టి, ఇంజిన్ శబ్దం విని, వీధి చివరిదాకా ఒక రౌండు వేసి బేరం తెంచేస్తారు. ఇంజిన్ పాడైతే బండి ఆగిపోతుంది. హ్యాండిల్ తిరిగే చోటుండే కోన్ సెట్టో, బ్రేకు షూలను విడదీసే కామో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు బుష్షో పాడైతే మనిషి పడిపోతాడు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఎవరూ పట్టించుకోని ఈ భాగాల గురించే అడిగారు. వాటికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: 2006 మోడల్ స్ప్లెండర్ ప్లస్ కొన్నాను. 50లో ఉండగా ఎక్స్‌లేటర్ వదిలితే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటోంది. గుంతలో పడితే ముందువైపు టక్కుమంటోంది. ముందు టైరు మార్చమంటే మార్చాను. తగ్గలేదు. (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు చెప్పిన రెండు లక్షణాలూ కోన్ సెట్టువే. హ్యాండిల్ తిరగడానికి ఛాసిస్ మెడలో పైన ఒకటి, కింద ఒకటి గిన్నెలు, వాటిలో స్టీలు గుళ్ళు ఉంటాయి. బండి నడిచినంతసేపూ హ్యాండిల్ దాదాపు తిన్నగానే ఉంటుంది కాబట్టి గుంతల దెబ్బలన్నీ గుళ్ళు ఉన్న ఆ ఒక్కచోటే పడి, గిన్నెలో సన్నటి గుంటలు ఏర్పడతాయి. వాటర్ సర్వీసింగ్‌లో నీటి గొట్టం నేరుగా అక్కడికి పెడితే గ్రీజు కొట్టుకుపోయి తుప్పు తోడవుతుంది.

డబుల్ స్టాండు వేసి, ఇంజిన్ కింద చెక్కదిమ్మ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపండి. ఫోర్కు రెండు కాళ్ళనీ కింద ఇరుసు దగ్గర పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. ఆ సమయంలో ఇంకొకరు ఛాసిస్ మెడా, కింది గిన్నే కలిసే అంచు మీద వేలు ఆనించి ఉంచితే లూజు ఎంతున్నా వేలికి తెలిసిపోతుంది. తర్వాత ఒక్క వేలితో హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా నడుమకు వచ్చేసరికి గాట్లో కూర్చున్నట్టు ఆగితే గుంటలు పడిపోయాయని అర్థం. అలాంటిదాన్ని బిగించి లాభం లేదు. బిగిస్తే టక్కు శబ్దం పోతుంది కానీ హ్యాండిల్ నడుమలో పట్టేస్తుంది, మలుపు తిప్పాక తిన్నగా రాదు. ఇది లూజు కన్నా ప్రమాదం.

సెట్టు మార్చేటప్పుడు ఎదురుగా నిలబడండి. పై గిన్నె తియ్యడం సులువు. కింది రేసు, అంటే గుళ్ళు ఆనే వలయం, ఫోర్కు కాడకి గట్టిగా పట్టి ఉంటుంది, తియ్యాలంటే ఫోర్కు మొత్తం దించాలి. ఆ శ్రమ పడలేక పైదొక్కటి మార్చి కిందిదానికి గ్రీజు రాసి పంపేసేవాళ్ళు ఉన్నారు. ఎక్కువ అరిగేది కిందిదే. పాత గుళ్ళు తీసేటప్పుడే పైవెన్ని, కిందవెన్ని అని లెక్కపెట్టించండి. పాత గిన్నెల్లో కొత్త గుళ్ళు వెయ్యనివ్వద్దు. గిన్నెలు ఛాసిస్‌లోకి సుత్తితో కొట్టేటప్పుడు ఒకవైపు వాలకుండా చుట్టూ సమంగా దిగాలి. వాలి దిగిన గిన్నె మళ్ళీ కొద్ది నెలల్లోనే లూజవుతుంది.

బిగింపులో పద్ధతి ఉంది. మెడ పైనుండే రెండు నట్లలో కింది నట్టుని గుళ్ళు కూర్చునేదాకా బిగించి, హ్యాండిల్‌ని అయిదారుసార్లు పూర్తిగా తిప్పి, ఆపైన నట్టుని సుమారు ఎనిమిదో వంతు చుట్టు వదలాలి. చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ని నడుమ నుంచి కాస్త తాకితే తన బరువుకు తానే చివరిదాకా వాలిపోవాలి, లాగితే లూజు ఉండకూడదు. పై నట్టు బిగించాక ఇదే పరీక్ష మళ్ళీ చెయ్యాలి, ఎందుకంటే పై నట్టు బిగింపుకి కింది నట్టు కొంచెం కదులుతుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి సరిచూపించండి, కొత్త గిన్నెలు సర్దుకుంటాయి.

కోన్ సెట్టు మారాక కూడా మలుపుల్లో బండి వెనక భాగం కొట్టుకుంటుంటే వెనక ఫోర్కు బుష్షులు చూడాలి. వెనక చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని పక్కలకు ఊపండి. కళ్ళు మాత్రం చక్రం మీద కాదు, ఫోర్కు ఛాసిస్‌కి కలిసే చోట పెట్టండి. ఫోర్కు కదలకుండా చక్రమే ఊగితే బేరింగులు, ఫోర్కుతో సహా ఊగితే బుష్షులు. ఫోర్కుని ఛాసిస్‌కి పట్టి ఉంచే పొడవాటి బోల్టు ఏళ్ళ తరబడి ఎవరూ తియ్యక లోపల తుప్పుతో పట్టేసి ఉంటుంది. పట్టు వదిలే నూనె రెండు వైపులా కొట్టి ఒక రాత్రి వదిలేస్తే చాలావరకు వస్తుంది. నేరుగా బోల్టు మీద సుత్తి పడితే మర చెడుతుంది, నట్టు చివరిదాకా తిప్పి ఉంచి దాని మీద కొట్టాలి. రబ్బరు బుష్షులైతే గ్రీజు పెట్టకూడదు. బండి చక్రాల మీద, అంటే స్టాండు దించి, ఉండగానే ఆ బోల్టు చివరి బిగింపు ఇవ్వాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది.

ప్రశ్న: పాత ప్యాషన్ కొన్నాం. వెనక బ్రేకు షూలు కొత్తవేనని అమ్మినాయన చెప్పాడు. బ్రేకు రాడ్డు మీద నట్టు బిగించుకునే మర కూడా ఇంకా చాలా ఉంది. అయినా బ్రేకు సరిగా పట్టదు, ఒక్కోసారి తొక్కితే పెడల్ వెనక్కి రాదు. (కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఈ బండిని చక్రం విప్పి చూసేవరకు నడపకండి. రాడ్డు మీద మర మిగిలి ఉండటాన్ని చూసి షూలు కొత్తవనుకోవద్దు. షూలు అరిగి మర అయిపోయినప్పుడు డ్రమ్ము ప్లేటు మీదున్న చిన్న లివరు బోల్టు విప్పి, దాన్ని కామ్ పళ్ళ మీద ఒకటి రెండు పళ్ళు వెనక్కి జరిపి పెడతారు. అంతటితో మర మళ్ళీ కావలసినంత కనిపిస్తుంది. లోపల కామ్ మాత్రం తిరగాల్సినదానికన్నా ఎక్కువ తిరిగి దాదాపు అడ్డంగా నిలబడుతుంది. అప్పుడు స్ప్రింగు దాన్ని వెనక్కి లాగలేదు. పెడల్ రాకపోవడానికి కారణం ఇదే కావచ్చు. ఇంకొంచెం అరిగితే చక్రం ఉన్నపళంగా పట్టేస్తుంది.

మీ ఇంటి ముందే చూసుకోవచ్చు. కామ్ చివర ఒక చుక్క గుర్తు, లివరు మీద ఒక గుర్తు అచ్చై ఉంటాయి. రెండూ ఎదురెదురుగా ఉండాలి. చాలా బళ్ళలో లివరు వెనక బాణం ఉన్న పల్చని రేకు ఉంటుంది. బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకున్నప్పుడు ఆ బాణం ప్లేటు మీది త్రికోణం గుర్తును చేరితే షూల పని అయిపోయినట్టే. కామ్‌కి వెడల్పు గాడి, రేకుకి వెడల్పు పన్ను ఉంటాయి కాబట్టి లివరు జరిపినంత సులువుగా ఈ రేకుని జరపలేరు. రేకే కనిపించకపోతే ఎవరో తీసి పారేశారని అనుకోండి.

విప్పాక చూడాల్సినవి ఇవి. లైనింగు మందం 2 మి.మీ. కన్నా తక్కువుంటే మార్చాలి. డ్రమ్ము లోపలి అంచున గోరు తగిలే గట్టు ఏర్పడిందా చూడండి. లోపలి వ్యాసానికి 110 మి.మీ. డ్రమ్ముకి 111, 130 డ్రమ్ముకి 131 హద్దు. దాటితే కొత్త షూలు కూడా సగం చోటే తాకుతాయి. కామ్ ఇరుసుని బయటకు లాగి, తుప్పు ఎమెరీ కాగితంతో తీసి, వేడికి కరగని గ్రీజు పల్చగా రాసి పెట్టాలి. గ్రీజు ఎక్కువైతే లైనింగు మీదికి వస్తుంది. స్ప్రింగులు సాగి ఉంటే షూలతో పాటే మార్చండి, ఖర్చు చాలా తక్కువ. డ్రమ్ములోని దుమ్ముని నోటితో గానీ గాలి గొట్టంతో గానీ ఊదకూడదు, తడి గుడ్డతో తుడవాలి. పాత లైనింగుల దుమ్ము ఊపిరితిత్తులకు హాని.

ఒక్క విషయం ప్రత్యేకంగా చూడండి. డ్రమ్ము ప్లేటు తిరిగిపోకుండా దాన్ని వెనక ఫోర్కుకి కట్టి ఉంచే స్టాపర్ రాడ్డు ఉంటుంది. దాని నట్టుకు అడ్డంగా చీలు పిన్ను ఉండాలి. పంక్చర్ వేసేటప్పుడు తీసి తిరిగి పెట్టకుండా వదిలేసిన బళ్ళు లెక్కలేనన్ని. ఆ నట్టు ఊడితే బ్రేకు తొక్కగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి చక్రం బిగుసుకుపోతుంది. పిన్ను ఖరీదు ఏమంత కాదు, ఈరోజే వేయించండి. అన్నీ అయ్యాక పెడల్ కిందికి 20 నుంచి 30 మి.మీ. ఖాళీగా దిగి ఆపైన బ్రేకు పట్టేలా నట్టు సరిచెయ్యాలి.

ప్రశ్న: మీటరు 28 వేలే చూపిస్తోంది, బండి పన్నెండేళ్ళది. నమ్మొచ్చా? (అనంతపురం)

జవాబు: నమ్మొద్దు. వైరుతో తిరిగే మీటరు వైరు తెగితే ఆగిపోతుంది, ఏళ్ళ తరబడి అలాగే నడుపుతారు. ఫుట్‌రెస్టు రబ్బరు, బ్రేకు పెడల్ మీది గీతలు, గేరు లివరు రబ్బరు, తాళం రంధ్రం చుట్టూ అరుగుదల చూడండి. 28 వేలు నిజమైతే పెడల్ మీది గీతలు చాలావరకు మిగిలుండాలి. అవన్నీ కొత్తగా ఉండి, ముందు డ్రమ్ములోనో డిస్కులోనో లోతైన గట్టు ఉంటే అమ్మకం కోసమే కొత్తవి తొడిగారని తెలుసుకోండి.

ప్రశ్న: గొలుసు కొత్తదే వేశాను, స్ప్రాకెట్లు (పళ్ళచక్రాలు) బాగానే ఉన్నాయన్నారు. నాలుగు నెలలకే గొలుసు వదులై కవరుకి కొట్టుకుంటోంది. ఎంత బిగించినా కాసేపు బిగువు, కాసేపు వదులు. (శ్రీకాకుళం)

జవాబు: అరిగిన పళ్ళ మీద కొత్త గొలుసు వేస్తే జరిగేదే జరిగింది. పళ్ళు ఒకవైపుకు వంగి కొక్కేల్లా తయారయ్యాక గొలుసు రోలర్లు లోయలో కూర్చోక పన్ను ఏటవాలు మీదికి ఎక్కుతాయి, లాగుడంతా రెండు మూడు పళ్ళ మీదే పడుతుంది. గొలుసు, ముందు పళ్ళచక్రం, వెనక పళ్ళచక్రం మూడూ ఒకేసారి మార్చాలి. ఒకటి మిగుల్చుకుంటే మిగతా రెండూ నష్టం.

మన 100, 125, 150 సీసీ బళ్ళలో ఎక్కువగా ఉండేది 428 గొలుసు. దాని ఒక్కో లింకు 12.7 మి.మీ. గొలుసుని బిగువుగా లాగి ఒక పిన్ను నడుమ నుంచి 20 లింకుల అవతలి పిన్ను నడుమ వరకు కొలవండి. కొత్తదైతే 254 మి.మీ. రావాలి. 259 దాటితే మార్చే సమయం వచ్చింది. కొలత టేపు లేకపోతే, వెనక పళ్ళచక్రం మీద అన్నిటికన్నా వెనకనున్న లింకుని పట్టి బయటకు లాగండి. పన్ను సగం కనిపిస్తే చాలు, తేలిపోయినట్టే.

కాసేపు బిగువు, కాసేపు వదులు అంటే గొలుసు ఒక్కోచోట ఒక్కోలా సాగింది, లేదా పళ్ళచక్రం గుండ్రం తప్పింది. కొత్త కిట్టు వేశాక చక్రం నెమ్మదిగా తిప్పుతూ గొలుసు అన్నిటికన్నా బిగువుగా ఉండే చోటు పట్టుకుని, అక్కడ కింది గొలుసు నడుమలో పైకీ కిందికీ కలిపి 20 నుంచి 30 మి.మీ. ఆడేలా పెట్టాలి. వదులుగా ఉన్నచోట సరిచేస్తే బిగువుచోట ఇరుసు మీద, గేర్‌బాక్సు బేరింగు మీద లాగుడు పడుతుంది. రెండు వైపులా సర్దుబాటు గీతలు సమానంగా ఉండాలి. లాకు క్లిప్పు మూసిన కొస గొలుసు పరిగెత్తే దిశవైపు ఉండాలి, తిరగేసి వేస్తే దారిలో రాలిపోతుంది. నూనె వేసేటప్పుడు ఇంజిన్‌లోంచి తీసిన మురికి ఆయిల్ వద్దు, 90 నంబరు గేరు ఆయిల్ గొలుసు లోపలి వైపు, రోలర్ల మీద పడేలా వేసి తిప్పి, మిగిలింది తుడిచేయండి.

చక్రం విప్పినప్పుడు డ్రమ్ములోని డ్యాంపర్ రబ్బర్లు కూడా చూడండి. పళ్ళచక్రం పట్టుకుని ముందుకూ వెనక్కూ తిప్పితే ఆట ఉంటే రబ్బర్లు కుంగిపోయాయి. గేరు వేసిన ప్రతిసారీ బండి కుదుపిచ్చేది వీటివల్లే. చాలామంది అప్పుడు క్లచ్ ప్లేట్లు మార్పించుకుని ఉపయోగం లేక తిరుగుతారు.

ప్రశ్న: 125 సీసీ బండి. ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ, తర్వాత ఉండదు. బోర్ చేయించమంటున్నారు (సిలిండరు లోపలి గోడ చెక్కించి పెద్ద పిస్టన్ వెయ్యడం). చేయించాలా? (హైదరాబాదులోని మల్కాజిగిరి నుంచి)

జవాబు: ఆగండి. రాత్రంతా నిలిపిన బండి మొదటి కిక్కుకే పొగ వదిలి ఆపైన శుభ్రంగా నడిస్తే అనుమానించాల్సింది వాల్వుల ఆయిల్ సీళ్ళని. పైన మిగిలిన ఆయిల్ రాత్రిపూట సీలు దాటి బొట్లుగా లోపలికి దిగుతుంది. హెడ్డు దించితే అయిపోయే పని. రేజ్ చేసినంతసేపూ, ఎత్తు ఎక్కినంతసేపూ పొగ వస్తే అప్పుడు రింగులు, బోరు.

తేల్చుకోవడానికి ఒక పరీక్ష. ప్లగ్గు విప్పి కంప్రెషన్ గేజి పెట్టి ఎక్స్‌లేటర్ పూర్తిగా తెరిచి అయిదారు కిక్కులు కొట్టించి అంకె రాసుకోండి. తర్వాత ప్లగ్గు రంధ్రంలో ఒక టీచెంచా, అంటే 5 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. అంకె బాగా పెరిగితే లోపం రింగుల దగ్గర, ఏమీ పెరగకపోతే వాల్వుల దగ్గర. ఈ పరీక్ష చెయ్యకుండా బోర్ అన్నవాళ్ళ మాట వినకండి. ఒకవేళ బోరే అయితే మామూలుగా 0.25, 0.50 మి.మీ. చొప్పున పెద్ద సైజు పిస్టన్లు వస్తాయి. ఇంతకుముందు ఎన్ని సైజులు పెంచారో పిస్టన్ పైన అచ్చై ఉంటుంది.

ఇకపై పాత బండి చూడటానికి వెళ్ళినప్పుడు ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉండాలి. మీరొచ్చేసరికే వేడి చేసి ఉంచితే ఉదయపు పొగ మీకు కనిపించదు. ఆయిల్ గేజి తీసి వేలికి రాసుకుని చూడండి, ఉండాల్సినదానికన్నా చిక్కగా ఉంటే పొగనీ శబ్దాన్నీ దాచడానికి 20డబ్ల్యూ50 లాంటి చిక్కటి ఆయిల్ పోసి ఉండొచ్చు. మీరు పోసేటప్పుడు డబ్బా మీద బైకు ఆయిళ్ళ ప్రమాణం జాసో ఎంఏ అని ఉందో లేదో చూసుకోండి. కార్ల ఆయిల్‌లో రాపిడి తగ్గించే రసాయనాలు ఉంటే క్లచ్ ప్లేట్లు జారతాయి.

ప్రశ్న: మా నాన్నగారి హీరో హోండా సీడీ 100 నాలుగేళ్ళుగా షెడ్డులోనే ఉంది. బయటకు తీసి నడపాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (నిజామాబాద్)

జవాబు: కిక్కు కొట్టకుండా మొదలుపెట్టండి. నాలుగేళ్ళలో సిలిండరు గోడల మీద ఆయిల్ పొర ఆరిపోయి ఉంటుంది, పొడి గోడల మీద రింగులు గీతలు పెడతాయి. ప్లగ్గు విప్పి 5 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోసి, కొన్ని గంటలు వదిలి, ప్లగ్గు లేకుండానే చేత్తో కిక్కు లివరుని మెల్లగా నొక్కండి. తిరిగితే మంచిదే. తిరగకపోతే బలవంతం చెయ్యకండి, ఇంకొంచెం నూనె వేసి మర్నాడు చూడండి.

తర్వాత ఆయిల్ వంపెయ్యండి. ఇక్కడే అందరూ మరిచే భాగం ఒకటుంది. ఈ ఇంజిన్‌కి కాగితపు ఫిల్టరు ఉండదు. కుడివైపు క్లచ్ కవరు లోపల, క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర గుండ్రటి గిన్నెలాంటి ఫిల్టరు తిరుగుతూ ఉంటుంది. అది తిరిగే వేగానికి మురికి గోడకి అంటుకుంటుంది, ఆయిల్ ముందుకు వెళ్తుంది. ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఆ మురికి బయటకు రాదు, కవరు విప్పి మూత తీసి గోకాల్సిందే. పాత బళ్ళలో నల్లటి మైనంలా గట్టిపడి ఉంటుంది. నిండిపోతే ఆ మురికి తిరిగి ఆయిల్‌లో కలిసి క్రాంకుకీ హెడ్డుకీ చేరుతుంది. అదే కవరు కింద ఉన్న జాలీ కూడా కడగండి, కవరు గాస్కెటు కొత్తది వెయ్యండి.

ట్యాంకులోని పెట్రోలు వాడకండి. అప్పుడు పోసిన దాంట్లోనూ ఇథనాల్ కలిసే ఉంటుంది, ఇప్పుడు బంకుల్లో 20 శాతం కలిపి వస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమని లాక్కుంటుంది, ఆ నీళ్ళు అడుక్కి చేరి ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. ట్యాంకు దించి, కింది పెట్రోలు కాకు (కుళాయి) విప్పి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు ద్రావకం పోసి డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి, నీళ్ళతో, ఆపైన వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, వెంటనే గాలి కొట్టి ఆరబెట్టండి. ఆరిన వెంటనే కాస్త ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి లోపలంతా తిప్పాలి. గంట ఆలస్యమైతే కొత్త తుప్పు మొదలవుతుంది. పెట్రోలు పైపులు కొత్తవి వేయండి, పాత రబ్బరు ఇథనాల్‌కి మెత్తబడి పగుళ్ళిస్తుంది.

కార్బురేటర్లో పైలట్ జెట్టు రంధ్రం వెంట్రుకంత సన్నం, మొదట మూసుకునేది అదే. స్టీలు తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై ఐడిలింగు ఇక కుదరదు. కార్బ్ క్లీనర్ కొట్టి, అవసరమైతే వైరులోని ఒక్క రాగి పోగు వాడండి. గాలి స్క్రూ తియ్యబోయే ముందు పూర్తిగా లోపలికి ఎన్ని చుట్లు పడుతుందో లెక్కపెట్టి రాసుకోండి, తిరిగి అంతే వదలాలి. ఫ్లోట్ సూది మొనమీద గుండ్రటి గాడి కనిపిస్తే మార్చండి, లేకపోతే పెట్రోలు కారుతూనే ఉంటుంది. కార్బురేటర్ని ఇంజిన్‌కి కలిపే రబ్బరు మెడని వేళ్ళతో వంచి చూడండి, మడతలో పగుళ్ళు తెరుచుకుంటే ఐడిలింగు ఎంత సరిచేసినా నిలవదు.

బ్రేకులు, టైర్లు, క్లచ్ వైరు, బ్రేకు వైరు చూడకుండా రోడ్డెక్కించకండి. వైరు లివరు దగ్గర గుండు కింద ఒక్క పోగు తెగి ఉన్నా మొత్తం మార్చాలి.

ప్రశ్న: పల్సర్ 150. ముందు డిస్కు ప్యాడ్లు రెండుసార్లు మార్చాను. లివరు గట్టిగానే ఉంది, బండి ఆగదు. (కాకినాడ)

జవాబు: లివరు గట్టిగా ఉంది కాబట్టి బ్రేకు పైపులో గాలి లేదు. ప్యాడ్లకు నూనె అంటి ఉంటుంది, లేదా ప్యాడ్లను నొక్కే కాలిపర్ పట్టేసి ఉంటుంది. ముందు ఫోర్కు సీలు చూడండి. కారుతుంటే ఆయిల్ ఫోర్కు కాలు వెంట దిగి డిస్కు మీద పడుతుంది, ఎన్ని ప్యాడ్లు వేసినా ఫలితం ఉండదు. సీలు మార్చే ముందు ఫోర్కు పైపు మీద గోరు నిలువుగా లాగండి. గోరు తగిలే తుప్పు గుంత ఉంటే కొత్త సీలు వారం తిరక్కుండానే చిరుగుతుంది. పైపు మార్చాలి, లేదా హార్డ్ క్రోమ్ చేయించాలి.

తర్వాత కాలిపర్ విప్పి, అది జారే పిన్నులు చేత్తో కదిలించండి. ఇవి పట్టేస్తే ఒక ప్యాడే పనిచేస్తుంది, లోపలి ప్యాడూ బయటి ప్యాడూ వేర్వేరు మందాల్లో అరిగి కనిపిస్తాయి. పిన్నులు తుడిచి సిలికాన్ గ్రీజు రాసి, దుమ్ము రబ్బర్లు కొత్తవి వెయ్యండి. డిస్కు మీద కనీస మందం అచ్చై ఉంటుంది, వెర్నియర్‌తో కొలిచి అంతకన్నా తగ్గితే డిస్కే మార్చాలి. బ్రేకు ఆయిల్ టీ రంగులోకి మారి ఉంటే నీరు పట్టింది. డబ్బా మూత మీద రాసిన రకమే, కొత్తగా విప్పిన సీసాలోంచి పొయ్యండి, రెండేళ్ళకోసారి మార్చండి. రంగు మీద పడితే పెయింటు లేస్తుంది, వెంటనే నీళ్ళతో కడగాలి. లివరు పట్టుకుని ఉంటే నెమ్మదిగా లోపలికి దిగిపోతుంటే అది వేరే జబ్బు, మాస్టర్ సిలిండరు సీళ్ళు పోయాయి.

ప్రశ్న: హెడ్‌లైటు బల్బులు తరచూ మాడిపోతున్నాయి. (ఒంగోలు)

జవాబు: ఇంజిన్ కాస్త రేజ్‌లో ఉంచి బ్యాటరీ కొసల మధ్య మీటరు పెట్టండి. 12 ఓల్టుల బండికి 13.5 నుంచి 14.5 రావాలి. 15 దాటితే ఓల్టేజి పెరగకుండా చూసే రెగ్యులేటరు పోయింది. మార్చే ముందు దాని ఎర్తు వైరు ఛాసిస్‌కి కలిసే బోల్టు విప్పి, రంగూ తుప్పూ గీకి బిగించి మళ్ళీ కొలవండి. చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది.

ప్రశ్న: టైర్లు చూడటానికి కొత్తవే, తేదీ ఎలా తెలుస్తుంది? ఇంకోటి, ఆంధ్ర నంబరు బండి హైదరాబాదులో కొంటే కాగితాలేంటి? (రెండు వేర్వేరు ఉత్తరాల నుంచి)

జవాబు: టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఒక చిన్న గడిలో ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం. గీతలు నిండుగా ఉన్నా పక్కగోడ వంపులో సన్నటి పగుళ్ళు కనిపిస్తే ఆ రబ్బరు తడి రోడ్డు మీద పట్టదు.

కాగితాల్లో ముందు ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో సరిపోల్చుకోండి. అప్పు మీద కొన్న బండైతే ఫైనాన్స్ వాళ్ళ నిరభ్యంతర పత్రం, ఫారం 35 కావాలి. బదిలీకి ఫారం 29, 30, రాష్ట్రం మారుతుంది కాబట్టి పాత ఆర్‌టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ. మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు, ఆపైన తనిఖీ చేయించుకుని అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. అమ్మినాయన తెల్లకాగితం మీద సంతకం చేసిచ్చింది చెల్లదు.

ప్రశ్న: యమహా ఆర్‌ఎక్స్ 100 తీసుకుంటున్నాను. బాగా రీస్టోర్ చేశామంటున్నారు. ఏవి చూడాలి? (విశాఖపట్నం)

జవాబు: ఇక్కడ 1985 నుంచి 1996 దాకా తయారైన బండి ఇది. ఎంత కొత్తగా మెరిసినా ఇంజిన్ వయసు ముప్పై, నలభై ఏళ్ళ దాకా ఉంటుందని మరిచిపోకండి. రంగు, క్రోము చూసి ధర కట్టకండి. టూ స్ట్రోకు ఇంజిన్‌కి ప్రాణం క్రాంకు సీళ్ళు, వాటిని ఎవరూ మార్చరు, ఎందుకంటే మారిస్తే బయటకు కనిపించదు.

ఎడమవైపు మ్యాగ్నెట్ పక్క సీలు పోతే అక్కడి నుంచి గాలి లోపలికి వెళ్తుంది. బండి వేడెక్కాక ఎక్స్‌లేటర్ వదిలినా రేజ్ వెంటనే దిగదు, తనంతట తానే పెరుగుతుంది. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. కుడివైపు క్లచ్ పక్క సీలు పోతే గేరు ఆయిల్ క్రాంకులోకి లాగబడి, సైలెన్సర్లోంచి ఆగని తెల్లపొగ, కాలిన వాసన వస్తాయి, గేరు ఆయిల్ మాత్రం కారుడు కనిపించకుండానే తగ్గుతూ పోతుంది. బండి పావుగంట నడిపి, నిలిపి, ఐడిలింగు గమనించండి. ఈ రెండు లక్షణాల్లో ఏది కనిపించినా క్రాంకు విప్పే ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడండి.

మరొకటి ఆయిల్ పంపు. పక్క ట్యాంకులోంచి ఆయిల్‌ని దానంతటదే ఇంజిన్‌కి పంపే ఏర్పాటు కంపెనీ ఇచ్చింది. చాలా బళ్ళలో దాన్ని తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలుపుతారు. ఏది ఉందో అడిగి తెలుసుకోకుండా కిలోమీటరు కూడా నడపవద్దు. పంపు లేని బండిలో ఉట్టి పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. కలిపేదైతే లీటరుకు 25 మి.లీ. టూ స్ట్రోకు ఆయిల్, అంటే 40కి 1 పాళ్ళు. పంపు తిరిగి బిగించుకుంటే ఎక్స్‌లేటర్ వైరు, పంపు గుర్తులు కలిసేలా సరిచేసి, పైపులోని గాలి బుడగలు పోయేదాకా ఆయిల్ కారనిచ్చి, మొదటి ట్యాంకు పెట్రోల్లో కూడా ఆయిల్ కలిపే నడపండి. ఆ ట్యాంకు అయ్యేసరికి పక్క ట్యాంకులో ఆయిల్ తగ్గి ఉంటే పంపు పనిచేస్తోంది. తగ్గకపోతే కలపడం ఆపకండి, పంపు మళ్ళీ విప్పించండి.